ఆటలో ఇచ్చిన మాట

డొమినియన్స్ అనే కంప్యూటర్ ఆటలో ప్రతి ఆటగాడూ దైవత్వానికి పోటీదారే. లోకాన్ని ఏలిన పాంటోక్రేటర్ అనే సర్వేశ్వరుడు కనుమరుగయ్యాడు. ఖాళీ అయిన ఆ పీఠం కోసం చిన్నాపెద్దా దేవతలు, మహామాంత్రికులు, ఆదిమ భూతాలు బరిలోకి దిగుతారు. స్వీడన్‌లోని ఇల్‌వింటర్ గేమ్ డిజైన్ అనే చిన్న సంస్థ తయారుచేసిన ఈ వరుసలో ఐదో ఆట 2017లో, ఆరో ఆట 2024 జనవరిలో వచ్చాయి. ఇందులోని జాతులు చాలావరకు ప్రపంచ పురాణాల నుంచి, చరిత్ర నుంచి పుట్టినవి. వానరుల కైలాస, రాక్షసుల లంక, నాగుల పాతాళ కూడా వాటిలో ఉన్నాయి.

ఈ ఆటలో గెలవడానికి సైన్యం ఒక్కటే చాలదు. గుడులు కట్టాలి, ఒక ప్రవక్తను నియమించాలి, పూజారుల చేత ప్రచారం చేయించాలి. జనంలో ఒక దేవుడి మీద ఉన్న నమ్మకం పొరుగు ప్రాంతాలకు పాకుతుంది, లేదా పొరుగు దేవుడి నమ్మకం ముందు వెనక్కి తగ్గుతుంది. లోకంలో ఎక్కడా నమ్మేవాళ్లు మిగలని దేవుడు, ఎంత సైన్యం ఉన్నా, ఆట నుంచి వెళ్లిపోవలసిందే. ఆటగాళ్లందరూ తమ ఆజ్ఞలను ఎవరికి వారు రహస్యంగా రాసి పంపుతారు. అవన్నీ ఒకేసారి అమలవుతాయి. పది పదిహేను మంది ఆడే పెద్ద ఆటల్లో ఒక్కో టర్నుకు ఒకటి రెండు రోజులు గడువు ఉంటుంది కాబట్టి ఒక ఆట నెలల తరబడి సాగుతుంది.

ఇంత పొడవైన పోటీలో ఏ ఆటగాడూ ఒంటరిగా నెగ్గుకురాలేడు. ప్రతి రాజ్యానికీ మూడు నాలుగు వైపుల పొరుగువాళ్లు ఉంటారు. అన్ని వైపులా సైన్యం నిలపగల స్తోమత ఎవరికీ ఉండదు. అందుకే మొదటి టర్నుల్లోనే రాయబారాలు మొదలవుతాయి. పరస్పరం దాడి చేసుకోకూడదన్న ఒప్పందానికి ఆటగాళ్లు పెట్టుకున్న పొట్టిపేరు ‘న్యాప్’. ‘న్యాప్-3’ అంటే ఒప్పందం నుంచి బయటికి రావాలనుకున్నవాడు మూడు టర్నుల ముందు చెప్పి రావాలని అర్థం. ఆ మాట కంప్యూటర్‌కు తెలియదు. అది ఇద్దరు మనుషులు ఒకరికొకరు పంపుకున్న సందేశంలో మాత్రమే ఉంటుంది. మాట తప్పినవాడి సైన్యాన్ని ఆ సందేశమేమీ సరిహద్దు దగ్గర ఆపదు.

ఒక ఉదాహరణ చూడవచ్చు. కైలాస, లంక పక్కపక్కనే ఉన్నాయి. ఇద్దరూ న్యాప్-3 రాసుకున్నారు. ఆ మాట మీద భరోసాతో కైలాస ఆటగాడు తన సైన్యమంతటినీ పడమటి సముద్రం వైపు నడిపించాడు. సరిహద్దు కోటల్లో పదేసి మంది కావలివాళ్లను మాత్రమే ఉంచాడు. ముప్పై అయిదో టర్ను ఫలితం వచ్చింది. తెరిచి చూస్తే లంక సైన్యాలు అయిదు ప్రాంతాల్లో ఒకేసారి దిగి ఉన్నాయి. ముందు నోటీసు లేదు. ఒక్క రాత్రిలో రెండు నెలల శ్రమ సగం పోయింది. ఇక్కడ లంక ఆటగాడు తప్పు చేశాడా?

తేలిక జవాబులు రెండున్నాయి. ‘ఆటే కదా, తప్పేముంది’ అనేది ఒకటి. ‘మాట మాటే, ఎక్కడ ఇచ్చినా ఒకటే’ అనేది రెండోది. రెండూ నిలబడవు. ఎందుకు నిలబడవో తెలియాలంటే ముందు తొండికీ వెన్నుపోటుకూ ఉన్న తేడా చూడాలి. పిల్లల ఆటల్లో కూడా తొండి చేసినవాణ్ణి ఎవరూ క్షమించరు. తొండి అంటే ఆటను ఆటగా నిలబెట్టే నియమాన్ని దొంగచాటుగా తప్పడం: ఒకే మనిషి రెండు మారుపేర్లతో రెండు రాజ్యాలు నడపడం, ఎదుటివాడి ఆజ్ఞల ఫైలు చూడడం లాంటివి. వెన్నుపోటు అలాంటిది కాదు. చాలా ఆటల్లో దానికి చోటు ఉంటుంది, అది అందరికీ తెలిసే ఉంటుంది. ఆట మొదలుపెట్టే నిర్వాహకుడు ‘ఈ ఆటలో ఒప్పందాలకు కట్టుబడాలి’ అనో, ‘ఇందులో ఒప్పందాలు కట్టుబాటు కావు’ అనో, ‘అసలు రాయబారాలే ఉండవు’ అనో ముందే ప్రకటించడం ఆనవాయితీ. మొదటి రకం ఆటలో న్యాప్ తప్పడం నియమాన్ని తప్పడమే, అంటే తొండి. చిక్కు ప్రశ్న రెండో రకం ఆటలోనే పుడుతుంది.

రెండో రకానికి మూలపురుషుడు అమెరికాకు చెందిన అలన్ కాలమర్. ఆయన 1954లో రూపొందించి, 1959లో సొంత ఖర్చుతో అయిదు వందల ప్రతులు అచ్చువేసిన ‘డిప్లొమసీ’ అనే బల్ల ఆటలో పాచికలు లేవు, అదృష్టం లేదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందున్న యూరప్ పటం మీద ఏడు రాజ్యాలు ఉంటాయి. ఆటగాళ్లు గదుల మూలల్లో గుసగుసలాడి ఒప్పందాలు చేసుకుంటారు. తర్వాత అందరూ ఒకేసారి ఆజ్ఞలు రాసి తెరుస్తారు. ఎవరు ఏ మాట ఇచ్చినా దానికి కట్టుబడే అవసరం లేదని నియమావళిలోనే ఉంది. ఇప్పుడు కల్పిత లోకాల్లో జరిగే చాలా వ్యూహ క్రీడల్లో రాయబారపు పద్ధతి మీద ఈ ఆట ముద్ర కనిపిస్తుంది.

వెన్నుపోటును సమర్థించేవాళ్లు ఆశ్రయించే మొదటి వాదం సమ్మతి. కెనడాలో పనిచేసిన తాత్వికుడు బెర్నార్డ్ సూట్స్ 1978లో ప్రచురించిన ‘ద గ్రాస్‌హాపర్’ గ్రంథంలో ఆట ఆడడమంటే అనవసరమైన అడ్డంకులను ఇష్టపూర్వకంగా నెత్తికెత్తుకోవడమేనని వివరించాడు. దారి దగ్గరగా ఉందని పరుగు పందెంలో మైదానానికి అడ్డంగా పరుగెత్తి గీత చేరినవాడు ఆ పందెం ఆడినట్టే కాదు. ఈ వివరణ ప్రకారం డిప్లొమసీలో అబద్ధాన్ని గుర్తుపట్టడమే ఆటగాళ్లు ఒప్పుకున్న ఒక అడ్డంకి. ఎదుటివాడు మోసం చేయవచ్చని తెలిసే బల్ల దగ్గర కూర్చున్నారు. కాబట్టి అన్యాయం జరగలేదు.

ఇంతకన్నా పాత వాదం ఇంకొకటుంది. అది పరిహాసానికి ఇచ్చే మినహాయింపు. సెయింట్ అగస్టీన్ సుమారు 395లో అబద్ధం గురించి రాసిన గ్రంథంలో హాస్యోక్తులను మొదట్లోనే పక్కన పెట్టాడు. పలికేవాడి గొంతులోనే, వాలకంలోనే మోసగించే ఉద్దేశం లేదని తెలిసిపోతుంది కాబట్టి వాటిని అబద్ధాలుగా లెక్కపెట్టనవసరం లేదన్నాడు. మహాభారతం ఆదిపర్వంలో శర్మిష్ఠ యయాతికి చెప్పిన అయిదు పాపం లేని అబద్ధాల జాబితాలో కూడా పరిహాసం ఉంది. మిగతావి స్త్రీల విషయం, వివాహం, ప్రాణాపాయం, సర్వస్వం పోయే సందర్భం.

అయితే ఆ జాబితా ఏ సందర్భంలో వచ్చిందో మరిచిపోకూడదు. శర్మిష్ఠను శయ్యకు చేర్చుకోనని యయాతి శుక్రాచార్యుడికి మాట ఇచ్చాడు. ఆ మాట తప్పించడానికే ఆమె ఆ జాబితా చదివింది. దాన్ని నమ్ముకున్న యయాతికి దక్కింది అదే శుక్రుడి శాపం, అకాల వార్ధక్యం. భాగవతం ఎనిమిదో స్కంధానికి వచ్చేసరికి శుక్రుడే బలి చక్రవర్తి పక్కన నిలబడి దాదాపు అలాంటి జాబితానే వినిపిస్తాడు: మూడడుగులు అడుగుతున్నవాడు విష్ణువు, మాట వెనక్కి తీసుకో, ఇలాంటి చోట బొంకితే పాపం లేదు అని. మాట తప్పినవాణ్ణి శపించిన గురువే మాట తప్పమని సలహా ఇస్తున్నాడు. పురాణాలు ఈ మినహాయింపులను ఎప్పుడూ చర్చలోనే ఉంచాయి తప్ప, ఎవరైనా ఎత్తుకుపోవడానికి వీలుగా చట్టంలా రాసి పెట్టలేదు.

పరిహాసపు మినహాయింపు డొమినియన్స్‌కు పూర్తిగా అతకదు కూడా. పరిహాసంలో విన్నవాడు నమ్మడు; నమ్మకూడదనే చెప్పేవాడూ కోరుకుంటాడు. న్యాప్ రాసినవాడు మాత్రం ఎదుటివాడు నమ్మాలని కోరుకుంటాడు. నమ్మకపోతే ఆ సందేశానికి ప్రయోజనమే లేదు. పేకాటలో చెయ్యి బాగాలేకపోయినా పందెం పెంచడంతో దీన్ని పోలుస్తుంటారు. ఆ పోలిక సగమే సరిపోతుంది. పేకాటలో పందెం పెంచినవాడు తన చేతిలో ఏముందో చెప్పలేదు, ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఒప్పందం కుదుర్చుకున్నవాడు ‘నేను రాను’ అని చెప్పాడు, ఆ మాట మీద ఎదుటివాడు తన కోటలు ఖాళీ చేశాడు.

ఇక్కడ ఇమ్మాన్యుయేల్ కాంట్ వాదం అనుకున్నదానికన్నా లోతుగా పనికొస్తుంది. హంతకుడు తలుపు తట్టి అడిగినా అబద్ధం చెప్పకూడదని 1797లో వాదించిన కఠినుడిగానే ఆయన పేరు పడ్డాడు. అదే ఏడాది వచ్చిన నీతిశాస్త్ర గ్రంథంలో ఆయన ఒక చిన్న ప్రశ్న కూడా లేవనెత్తాడు: ఉత్తరం చివర ‘మీ విధేయ సేవకుడు’ అని మర్యాదకు రాయడం అబద్ధమా? దానితో ఎవరూ మోసపోరు కదా? ఈ ప్రశ్నను న్యాప్ దగ్గరికి తెస్తే విషయం తేటపడుతుంది. అందరూ ఎప్పుడూ ఒప్పందాలు తప్పే ఆటలో న్యాప్ కూడా ఉత్తరం చివరి మర్యాద వాక్యమే అయిపోతుంది. దాన్ని చూసి ఎవరూ కోట ఖాళీ చేయరు. వెన్నుపోటు పొడవడానికి వీపే దొరకదు. కట్టుబాటు లేని ఆటలో కూడా ఎక్కువ మంది ఎక్కువ సార్లు మాట నిలబెట్టుకుంటేనే ఆ ఒక్క మోసానికి బలం వస్తుంది. మాట తప్పినవాడు మిగతావాళ్ల నిజాయతీ కూడబెట్టిన నిధిలోంచి ఖర్చు చేస్తున్నాడు. నియమావళి అనుమతించినా ఆ ఖర్చు ఖర్చే.

మరి శిక్షించే అధికారి ఎవరూ లేనిచోట ఆటగాళ్లు మాట ఎందుకు నిలబెట్టుకుంటారు? వెనక కత్తి లేని ఒడంబడికలు వట్టి మాటలేనని థామస్ హాబ్స్ 1651లో లెవయథాన్‌లో రాశాడు. డొమినియన్స్‌లో రాజులకు పైన రాజు లేడు, దేవుళ్లకు పైన దేవుడూ లేడు. ఆట కథే అలాంటిది. అయినా ఒప్పందాలు నిలబడుతున్నాయి. డేవిడ్ హ్యూమ్ ఇచ్చిన వివరణ దీనికి దగ్గరగా వస్తుంది: వాగ్దానం మనుషులు అవసరం కొద్దీ కల్పించుకున్న ఏర్పాటు, దాన్ని తప్పినవాణ్ణి మళ్లీ ఎవరూ నమ్మకపోవడమే దాని జరిమానా. రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పదేపదే పోటీలు పెట్టి, 1984లో పుస్తకంగా తెచ్చిన ఫలితాలు ఇదే దారిలో నడుస్తాయి. ఆ పోటీల్లో గెలిచింది అనటోల్ రాపోపోర్ట్ పంపిన అతి చిన్న ఎత్తుగడ: ముందు సహకరించు, తర్వాత ఎదుటివాడు ఏం చేస్తే అదే చెయ్యి.

ఈ వివరణ చాలావరకు నిజం, కానీ సరిపోదు. పరువు భయం ఆట మధ్యలో పనిచేస్తుంది. చివరి టర్నుల్లో పనిచేయదు. ఈ ఒక్క ఆట ఆడి మళ్లీ రానివాడి మీద అసలే పనిచేయదు. పోతే పరువే పోతుందన్న లెక్కతో మాట నిలబెట్టుకున్నవాడు లెక్క మారిన రోజు తప్పుతాడు. మాట తప్పడం తెలివితక్కువతనం అని రుజువు చేయడం వేరు, తప్పు అని రుజువు చేయడం వేరు. సిసలైన ప్రశ్న రెండోది.

దానికి దారి చూపేది, మాట ఎవరి నోట వచ్చింది, ఎవరి మీద ఆధారపడింది అన్న విచారణ. లంక ప్రభువు కైలాస ప్రభువుకు రాసిన న్యాప్ ఒక పాత్ర ఇంకో పాత్రకు ఇచ్చిన మాట. కట్టుబాటు లేని ఆటలో దాన్ని తప్పడానికి అనుమతి ఉంది. ఆ అనుమతి ఎక్కడి నుంచి వచ్చింది? ఆట మొదలుకాకముందు ఆ పదిహేను మంది మనుషులు ‘ఈ పద్ధతిలో ఆడదాం’ అని ఒకరికొకరు నిజంగా ఇచ్చుకున్న మాట నుంచి. ఆటలోని మోసానికి చోటిచ్చింది ఆట బయటి సత్యమే. అందుకే ఆ బయటి మాటను వాడుకుని ఆటలో లాభపడడం అనుమతి పరిధిలోకి రాదు. ‘రాజ్యాల సంగతి పక్కన పెట్టు, పదేళ్ల స్నేహం మీద చెబుతున్నా, దాడి చేయను’ అని రాసినవాడు పాత్ర ముసుగు తీసి మాట్లాడాడు. ‘అమ్మకు ఆపరేషన్, వారం రోజులు ఆజ్ఞలు సరిగా పంపలేను, కొంచెం ఆగు’ అని అబద్ధమాడి ఆ వారంలో సైన్యం పోగుచేసుకున్నవాడూ అంతే. ఎదుటివాడు జాలిపడింది లంక ప్రభువు మీద కాదు, ఒక మనిషి మీద. అక్కడ ‘ఆటే కదా’ అన్న సమాధానం చెల్లదు. నియమావళిలో ఒక్క అక్షరం తప్పకపోయినా అది నమ్మించి గొంతు కోయడమే.

ఈ గీత ప్రతిసారీ స్పష్టంగా ఉండదు. నెలల పాటు ప్రతిరోజూ సందేశాలు రాసుకున్న ఇద్దరి మధ్య పాత్రల చనువు మనుషుల చనువుగా మారిపోతుంది. న్యాప్ పరిధి మీద కూడా తగాదాలు వస్తాయి. పొరుగు ప్రాంతంలోకి గూఢచారిని పంపడం దాడి కిందికి వస్తుందా? సరిహద్దు వెంట వరసగా గుడులు కట్టి పొరుగు దేవుడి నమ్మకాన్ని నెమ్మదిగా తినేయడం సంగతేమిటి? సైన్యం కదలలేదు, కానీ పొరుగు దేవుడు చచ్చిపోతున్నాడు. మతాల చరిత్రలో కూడా ఈ ప్రశ్నకు తేలిక జవాబు లేదు. కత్తి పట్టని ప్రచారాన్ని ఒకరు శాంతి అంటారు, రెండోవారు ముట్టడి అంటారు. జాగ్రత్తగల ఆటగాళ్లు ఇలాంటివన్నీ ఒప్పందంలోనే రాసుకుంటారు. రాయనిది మిగిలినచోట, ఎదుటివాడు ఏమని అర్థం చేసుకున్నాడో తెలిసి కూడా అక్షరాన్ని అడ్డం పెట్టుకోవడం నిజాయతీ అనిపించుకోదు.

ఇందరు దేవుళ్లున్న ఆటలో దేవుడు మోసం చేయవచ్చా అన్న ప్రశ్న కూడా రాక తప్పదు. దేవుడు మోసగాడు కాలేడన్నది 1641లో డెకార్ట్ రాసిన ధ్యానాలకు ఆధారస్తంభం. పురాణాల దారి వేరు. విష్ణువు మోహినిగా వచ్చి అమృతం పంచాడు, వామనుడిగా వచ్చి పొట్టి పాదంతో మూడడుగులు అడిగి త్రివిక్రముడిగా కొలిచాడు. కథ ఆ పనిని దాచదు. కానీ కథలో కీర్తి ఎవరికి దక్కిందో చూడాలి. గురువు వద్దన్నా, అడిగేవాడు ఎవరో తెలిసినా, ఇచ్చిన మాట మీద నిలబడి రాజ్యం పోగొట్టుకున్న బలికి సుతలం దక్కింది, వాకిట విష్ణువే కాపలా నిలిచాడు, రాబోయే మన్వంతరంలో ఇంద్రపదవి కూడా దక్కుతుందని భాగవతం చెబుతుంది. గెలుపు ఒకరిది, ఔన్నత్యం ఒకరిది. గెలుపు పట్టిక ఒక్కటే ఉన్న ఆటకు ఈ రెండో లెక్క రాయడం చేతకాదు. ఆడినవాళ్లు మాత్రం రాసుకుంటారు. ఓడిపోయినా మాట తప్పని పొరుగువాడి పేరు వాళ్లకు చాలాకాలం గుర్తుంటుంది.

శత్రువుల మధ్య కూడా బాధ్యతలుంటాయి. కురుక్షేత్రంలో యుద్ధం మొదలుకాకముందు రెండు పక్షాలూ నియమాలు పెట్టుకున్నాయని భీష్మపర్వం చెబుతుంది: సమానుడితో సమానుడే తలపడాలి, ఆయుధం లేనివాణ్ణి, పారిపోయేవాణ్ణి కొట్టకూడదు. తర్వాత అవి ఒక్కొక్కటే తెగిపోయాయి. అభిమన్యుణ్ణి చుట్టుముట్టి చంపారు. భూరిశ్రవుడు సాత్యకితో పోరాడుతుండగా అర్జునుడు పక్కనుంచి అతని చేయి నరికాడు. ద్రోణుడి ముందు ధర్మరాజు అర్ధసత్యం పలికాడు. చివరికి అశ్వత్థామ నిద్రలో ఉన్నవాళ్లను చంపాడు. ప్రతి ఉల్లంఘనకూ ముందటి ఉల్లంఘనే సాకు. వెన్నుపోటు తిన్న ఆటగాడి కోపం కూడా ఈ దారినే పోగలదు. గెలుపు ఆశ వదిలేసి, ఉన్న బలగమంతా మోసగాడి మీదే గుమ్మరించి, మూడోవాడికి గెలుపు అప్పగించడం ఒక రకం. అది కఠినమైనదే అయినా ఆటలోని న్యాయమే. మోసానికి వెల పెంచేది అదే. కోపంతో ఆజ్ఞలు పంపడం మానేసి రాజ్యాన్ని గాలికి వదిలేయడం ఇంకో రకం. దానివల్ల శిక్ష పడేది మోసగాడికి కాదు. దిక్కులేని ఆ రాజ్యం పక్కన ఎవరుంటే వాళ్లకు అయాచితంగా బలం వస్తుంది, పదిహేను మంది నెలల శ్రమ వంకరపోతుంది. డచ్ చరిత్రకారుడు యొహాన్ హౌజింహ 1938లో ‘హోమో లూడెన్స్’లో గమనించిన సంగతి ఇదే: సమాజం తొండి చేసేవాణ్ణి కొంతైనా సహిస్తుంది గానీ ఆటను పాడుచేసేవాణ్ణి సహించదు. తొండివాడు ఆటను నమ్ముతున్నట్టు నటిస్తాడు. రెండోవాడు ఆ లోకాన్నే కూల్చేస్తాడు. ఆడలేని పరిస్థితి వచ్చినవాడు తన చోట ఇంకొకరిని వెతికి పెట్టి వెళ్లాలన్న ఆనవాయితీ అందుకే ఏర్పడింది.

పగను తర్వాతి ఆటకు మోసుకుపోవడం మీద అభిప్రాయాలు చీలిపోతాయి, చీలడానికి కారణం ఉంది. ప్రతి ఆటా కొత్తగా మొదలవ్వాలన్నది న్యాయం. కైలాసను మోసం చేసిన లంక ప్రభువు ఇప్పుడు లేడు. కానీ మాటకు విలువనిచ్చే కత్తి ఏదైనా ఉంటే అది జ్ఞాపకమే; దాన్ని ఆటతోపాటే తుడిచేస్తే హాబ్స్ మాట నిజమైపోతుంది. ఈ రెంటినీ సరిపెట్టగల తేడా ఒకటుంది. ‘ఇతను మాట తప్పగలడు’ అని గుర్తుంచుకుని కోటలో కావలి పెంచడం వివేకం. కొత్త ఆటలో తన గెలుపును కూడా లెక్కచేయకుండా మొదటి టర్ను నుంచే అతని మీద పడడం కక్ష. మొదటిది ఆటగాడి గురించిన జ్ఞానం, రెండోది మనిషికి వేసే శిక్ష, అదీ ఆటలో అనుమతి ఉన్న పనికి.

జ్ఞాపకానికి చోటే లేకుండా పేర్లు దాచి ఆడే ఆటలు కూడా ఉన్నాయి. అలాంటి వేదిక మీదే 2022లో మెటా సంస్థ తయారుచేసిన ‘సిసెరో’ అనే కృత్రిమ మేధ డిప్లొమసీ ఆడింది. నలభై ఆటల్లో మనుషులతో సందేశాలు రాసుకుంటూ, పొత్తులు కుదుర్చుకుంటూ, ఒకటికన్నా ఎక్కువ ఆటలు ఆడినవాళ్లలో మొదటి పది శాతంలో నిలిచింది. దాన్ని చాలావరకు నిజాయతీగా మాట్లాడేలా తయారుచేశామని తయారీదారులు చెప్పారు. ముందే ఎత్తు వేసుకుని మిత్రులను మోసం చేసిన సందర్భాలున్నాయని 2024లో ‘ప్యాటర్న్స్’ పత్రికలో వచ్చిన పరిశోధనా వ్యాసం వాదించింది. పాత్ర పాత్రకు ఇచ్చే మాట వరకు ఆ యంత్రం మనిషికి ఏమాత్రం తీసిపోలేదు. తేడా అంతా మనిషి మనిషికి ఇచ్చే మాటలో ఉంది. ఎదుట మనిషే ఉన్నాడనుకుని ఆటగాళ్లు దానికి రాశారు, దాని మాట విని సైన్యాలు కదిపారు. కానీ ముసుగు తీసి మాట ఇవ్వడానికి అక్కడ ముసుగు వెనక ఎవరూ లేరు. ఆ సంగతి ఆట మొదలవ్వకముందే తెలుసుకునే హక్కు వాళ్లకు ఉంది, ఎందుకంటే సిసెరో ఆడగలిగిన ప్రతి మోసానికీ అనుమతి ఇవ్వవలసినది వాళ్లే.